థెస్సలోనికి యూదుల కాగితాల గురించి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

హోలోకాస్ట్ మీద, అంటే నాజీలు యూదుల్ని చంపిన మారణకాండ మీద, మీరు వేసిన ఆర్టికల్ బాగుంది కానీ గ్రీస్‌లోని థెస్సలోనికి గురించి ఒక్క లైనే ఉంది, 1943లో అక్కడి యూదుల్ని రైళ్ళెక్కించి ఆష్విట్జ్ మరణ శిబిరానికి పంపేశారని, అంతే. అంతకుముందు నాలుగొందల ఏళ్ళకు పైగా వాళ్ళెలా బతికారో ఎవరు రాస్తారండీ? 1492లో స్పెయిన్ వెళ్ళగొడితే వచ్చి స్థిరపడినవాళ్ళు, ఇంట్లో లాడినో (పాత స్పానిష్ నుంచి వచ్చిన యూదుల భాష) మాట్లాడేవాళ్ళు, వాళ్ళ విశ్రాంతి రోజైన శనివారం వస్తే హార్బర్ పనే ఆగిపోయేది, హమాలీల్లో అంతమంది వాళ్ళే మరి.

వాళ్ళ సంఘం రికార్డుల్లో పెళ్ళి రిజిస్టర్లున్నాయి, 1917లో ఊరు తగలబడి 50 వేలమందికి పైగా యూదులు రోడ్డున పడ్డాక రాసుకున్న కుటుంబాల లిస్టులున్నాయి, ఇంట్లో ఎంతమంది, వయసెంత, ఎవరేం పని చేస్తారు అని. చాలావరకు సొలిత్రేయో అనే చేతిరాతలో, అంటే లాడినో రాయడానికి వాడే గొలుసుకట్టు హీబ్రూ లిపిలో ఉంటాయి, అది చదవగలిగేవాళ్ళు ఇప్పుడు బాగా తక్కువ.

1941లో నాజీలు ఆ కాగితాలు దోచుకుపోయారు, కొన్ని మాస్కోలో తేలాయి, కొన్ని న్యూయార్క్‌లో, ఇంకొన్ని జెరూసలేంలో. మాస్కోవి తిరిగిస్తామని 2021లో రష్యా ఒప్పుకుంది. నన్నడిగితే అన్నీ స్కాన్ చేసి ఒకేచోట ఆన్‌లైన్‌లో పెట్టాలి, తాత ఏ వీధిలో ఉండేవాడో తెలుసుకోడానికి మనవడు ఇన్ని దేశాలు తిరగాలా? దీనిమీద ఒక ఫుల్ పేజీ వెయ్యండి సార్, ప్లీజ్.

– మీ పాఠకురాలు