హీటర్ పోయినందుకు కాదు, మీరు పట్టించుకోనందుకు

కస్టమర్ రిలేషన్స్ మేనేజర్ గారికి,

విషయం: జూలైలో కాల్గరీలో మీ దగ్గర అద్దెకు తీసుకున్న మోటార్‌హోమ్ (పడకలు, స్టవ్, హీటర్ ఉండే బండి) గురించి, సరైన జవాబు రాని నా ఐదు ఈమెయిళ్ల గురించి.

అయ్యా,

కాకినాడ నుంచి వచ్చిన మా అమ్మానాన్నలకు కెనడా రాకీ పర్వతాల్లోని ఐస్‌ఫీల్డ్స్ పార్క్‌వే రోడ్డు చూపించాలని మీ బండి తీసుకున్నాను. మీ దగ్గర తీసుకోవడం ఇది మూడోసారి. లేక్ లూయీస్ నుంచి జాస్పర్ దాకా 230 కిలోమీటర్ల ఆ దారిలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. ఈ సంగతి మీకు తెలియనిది కాదు. బండి తాళాలు ఇస్తూ, "సస్కాచెవాన్ రివర్ క్రాసింగ్‌లో పెట్రోల్ కొట్టించుకోండి, తర్వాత జాస్పర్ దాకా దొరకదు" అని చెప్పింది మీ మనిషే.

ఆ రాత్రి విల్‌కాక్స్ క్యాంప్‌గ్రౌండ్‌లో ఆగాం. దాదాపు రెండు వేల మీటర్ల ఎత్తు, దగ్గర్లోనే అథబాస్కా గ్లేసియర్ (హిమానీనదం). అక్కడ కరెంటు కనెక్షన్ ఉండదు. అర్ధరాత్రి హీటర్ ఆగిపోయింది. అమ్మ రెండు స్వెటర్లు, మంకీ క్యాప్ వేసుకుని, వేడినీళ్ల గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తెల్లవార్లూ కూర్చుంది. స్టవ్ వెలిగించి ఉంచమని నాన్న అడిగితే, మూసిన బండిలో అది ప్రాణాలకే ప్రమాదమని నేనే వద్దన్నాను. యంత్రమన్నాక చెడిపోతుంది. దానికి నేను మిమ్మల్ని ఒక్క మాట కూడా అనేవాణ్ణి కాదు.

పొద్దున్నే జాస్పర్ చేరి మీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. నలభై నిమిషాలు ఆగాక ఒకమ్మాయి బుకింగ్ నంబరు అడిగింది. "గ్యాస్ ఉందా?" అని మూడుసార్లు అడిగింది. స్టవ్ వెలుగుతోందని మూడుసార్లూ చెప్పాను. ఆమె లైన్ రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కి కలిపింది. ఇంజన్ సమస్య అయితేనే తాము చూస్తామని, హీటర్ తమ పని కాదని వాళ్లు మళ్లీ కస్టమర్ సర్వీస్‌కి కలిపారు. అక్కడాయన మళ్లీ మొదటి నుంచీ బుకింగ్ నంబరు, పేరు, పుట్టిన తేదీ అడిగి, బండి ఇచ్చిన డిపోతో మాట్లాడమన్నాడు. డిపోకి చేస్తే ఆదివారం, ఎవరూ ఎత్తలేదు. సోమవారం ఎత్తినాయన "మా మెకానిక్ కాల్గరీలోనే ఉంటాడు, బండి ఇక్కడికి తీసుకురండి" అన్నాడు. నాలుగు వందల కిలోమీటర్లకు పైగా దూరం! ఈలోగా రెండో రాత్రి కూడా అమ్మ చలిలోనే పడుకుంది.

ఇంతమందితో మాట్లాడితే, "మీ అమ్మగారికి ఎలా ఉంది?" అని ఒక్కరూ అడగలేదు.

బండి తిరిగి అప్పగించినప్పుడు హీటర్ గురించి రాసుకోమంటే కౌంటర్‌లో కాగితం లేదన్నారు. పెట్రోల్ కాస్త తగ్గిందని మాత్రం అక్కడికక్కడే నా కార్డు మీద డబ్బు పట్టుకున్నారు. ఆ తర్వాత ఐదు ఈమెయిళ్లు పంపాను. చివరికి వచ్చిందల్లా ఒకటే వాక్యం: "సమస్య వచ్చిన వెంటనే తెలియజేయనందున కేసు మూసివేశాం." సిగ్నల్ లేని కొండల్లో అర్ధరాత్రి నేను ఎవరికి, ఎలా తెలియజేయాలి? ఇది రాసినవాళ్లు ఆ దారిలో ఒక్కసారైనా వెళ్లారా?

నా ఆఫీసులో నాలుగు కుటుంబాలు నా మాట విని మీ దగ్గర బండ్లు తీసుకున్నాయి. వాళ్లకు ఇప్పుడు మొహం ఎలా చూపించను? సెప్టెంబరుకి చేసుకున్న బుకింగ్ రద్దు చేసుకుంటున్నాను. ఆ రెండు రాత్రుల అద్దె వెనక్కి ఇవ్వండి. అంతకంటే ముందు, నిర్ణయం తీసుకోగల మనిషి ఎవరైనా ఫోన్ చేసి మా అమ్మకు క్షమాపణ చెప్పండి. ఆమె వచ్చే నెల కాకినాడ వెళ్లిపోతోంది.

పది రోజుల్లో ఫోన్ రాకపోతే అల్బర్టా వినియోగదారుల రక్షణ విభాగానికి ఫిర్యాదు చేస్తాను. ఇక్కడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులన్నిటిలో ఈ ఉత్తరం యథాతథంగా పెడతాను. నా నంబరు మీ దగ్గర ఉంది. మీ వాళ్లు ఇప్పటికి ఏడుసార్లు రాసుకున్నారు.

ఇట్లు,
మీ పాత కస్టమర్