పిల్లలకి జపనీస్ వచ్చేసిందనుకున్నాం: టోక్యో నిషి-కసాయ్ తెలుగు తల్లిదండ్రులకి మా బడి నుంచి

నమస్కారం.

ఏప్రిల్ నుంచి మన బడి టైంటేబుల్ మారుతోంది, నెల ఫీజు 6,000 యెన్లు పెరుగుతోంది. ఇంగ్లీషులో, జపనీస్‌లో ఉత్తరం మీకు ఇప్పటికే అందింది. ఏం మారుతుందో అందులో రాశాం గానీ, ఎందుకు మారుతుందో దాటేశాం. చెప్పాలంటే మా తప్పు ఒప్పుకోవాలి. అది మన భాషలో అయితే సూటిగా చెప్పగలననిపించి మీకు విడిగా రాస్తున్నాను.

ఆరేళ్ల కిందట 11 మంది పిల్లలతో బడి తెరిచినప్పుడు మీకో మాటిచ్చాను. పొద్దున ఇంగ్లీషు, మధ్యాహ్నం జపనీస్, ఆరో తరగతి అయ్యేసరికి రెండూ సమానంగా వస్తాయని. ఇప్పుడు 43 మంది ఉన్నారు. ఇంగ్లీషు వరకు ఆ మాట నిలబడింది. జపనీస్ మాట్లాడటంలోనూ నిలబడింది. పార్కులో మన పిల్లలు మాట్లాడుతుంటే ఇక్కడి పెద్దవాళ్లు ఆగి మరీ మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోళ్లు విని చదవడం, రాయడం కూడా వచ్చేస్తున్నాయనుకున్నాం.

కిందటి అక్టోబరులో నాలుగో తరగతి పిల్లలు తొమ్మిది మందికి కాంజి, అంటే జపనీస్ రాతలో వాడే చైనా అక్షరాల పరీక్ష పెట్టాం. ఇక్కడి ప్రభుత్వ బడుల్లో ఒకటో తరగతికి 80, రెండుకి 160, మూడుకి 200 కాంజిలు. అంటే మూడో తరగతి దాటిన పిల్లలకి 440 రావాలి. మా తొమ్మిది మందిలో ఇద్దరే ఆ దరిదాపుల్లో ఉన్నారు. ఐదుగురు రెండో తరగతి 240 దగ్గరే ఆగిపోయారు, మిగిలిన ఇద్దరు అంతకన్నా కింద. అందరూ గలగలా మాట్లాడేవాళ్లే. ఆ జవాబు కాగితాలు ఇంటికి తీసుకెళ్లి రెండుసార్లు దిద్దాను. లెక్క మారలేదు.

మన అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు ఒకసారి పట్టుబడితే ఏ పుస్తకమైనా కూడబలుక్కుని చదివేయొచ్చు. కాంజి అలా కాదు. ఆదివారాన్ని ‘నిచియోబి’ అంటారు కదా, రాసేటప్పుడు అందులో మొదటి అక్షరం, చివరి అక్షరం ఒకటే. మొదట ‘నిచి’ అని, చివర ‘బి’ అని పలకాలి. అదే విడిగా కనిపిస్తే ‘హి’. ఇది ఒకటో తరగతి అక్షరం! ఆరో తరగతికి ఇలాంటివి 1,026 అవుతాయి. ప్రభుత్వ బడి పిల్లలకి ఇవి లెక్కల పుస్తకంలో, సైన్సులో, మధ్యాహ్న భోజనం పట్టికలో, గోడ మీద రోజంతా కనిపిస్తూనే ఉంటాయి. మా దగ్గర లెక్కలూ సైన్సూ ఇంగ్లీషులోనే. భోజనాలయ్యాక, పిల్లలు అలిసిపోయి ఉన్న రెండు గంటలే జపనీస్‌కి మిగిలేవి. సగం సగం అని చెప్పి మీకు ఇచ్చింది నిజానికి సగం కాదు.

కెనడాలో జిమ్ కమిన్స్ అనే ఆచార్యుడు ముచ్చట్ల భాష వేరు, చదువు భాష వేరని 1979లోనే విడదీసి చెప్పారు. మొదటిది రెండేళ్లలో పట్టుబడుతుంది, రెండోదానికి ఐదేళ్లు, ఏడేళ్లు కూడా పడుతుంది అంటారాయన. టీచరు శిక్షణలో చదువుకున్న సంగతే ఇది. నా బడిలో ఆ తేడా కనిపెట్టడానికి నాకు ఆరేళ్లు పట్టింది.

ఇక నుంచి ఒకటి నుంచి నాలుగో తరగతి వరకు వారంలో మూడు రోజులు లెక్కలు జపనీస్‌లో, ఇక్కడి పాఠ్యపుస్తకంతోనే చెబుతాం. రెండు రోజులు ఇంగ్లీషులో. పిల్లలు తికమకపడరా అని కొందరు అడిగారు. మొదట్లో పడతారు. మనం లక్షా ఇరవై వేలు అనేదాన్ని ఇంగ్లీషులో నూట ఇరవై వేలు అంటారు, జపనీస్‌లో ‘జూనిమన్’, అంటే పన్నెండు పదివేలు. ఆ తికమక ఇక్కడ టీచరు ముందు తీరితేనే మంచిది. దీనికోసం ఇంకో జపనీస్ టీచరు వస్తున్నారు, పెరిగిన ఫీజు ఆమె జీతానికే. ఇంట్లో పైకి చదివే ‘ఒందోకు’ కార్డు మీద ఇకపై రోజూ మీ సంతకం ఉండాలి. ప్రతి టర్మ్ చివర మీ పిల్లలకి ఎన్ని కాంజిలు చదవడం వచ్చు, ఎన్ని రాయడం వచ్చు అని అంకెల్లో చెబుతాం. ‘బాగా చదువుతోంది’ అనే మాట ఆ కాగితంలో ఉండదు.

రెండో తప్పు పూర్తిగా నాది. మొదటి రెండేళ్లలో చేరినవాళ్లకి, ఇంట్లో తెలుగు కొంచెం తగ్గించి ఇంగ్లీషు మాట్లాడండి అని చెప్పాను. కొందరు నా మాట విన్నారు. వాళ్లకి క్షమాపణ చెప్పుకుంటున్నాను.

ఈమధ్య ఒక పాప మూడింట రెండు వంతులు రాయమంటే ప్రతిసారీ మూడు పైన, రెండు కింద రాస్తోంది. జపనీస్‌లో దాన్ని ‘సన్ బున్ నో ని’ అంటారు, మూడు ముందు వినిపిస్తుంది. ఇంగ్లీషులో ‘టూ థర్డ్స్’, పైనున్న రెండు ముందు. ముందు విన్న అంకె పైన రాయాలని పాప అలవాటు చేసుకుంది. టీచరు రెండు రోజులు చెప్పినా ఎక్కలేదు. ఆ రాత్రి వీడియోలో తెనాలి నుంచి వాళ్ల అమ్మమ్మ, “మూడింట రెండు అంటాం కదే, మూడు భాగాలు చేసి అందులో రెండు తీసుకో” అందట. మర్నాడు పాప బోర్డు దగ్గరికెళ్లి టీచరుకే వివరించింది.

ఆ తర్వాత వెతుకుతుంటే ఇలాంటివి ఎన్నో కనిపించాయి. మనుషుల్ని లెక్కపెట్టడానికి మనకి ఒకరు, ఇద్దరు ఉన్నట్టే వాళ్లకి ‘హితోరి’, ‘ఫుతారి’. క్రియ మనలాగే వాక్యం చివర. వాళ్ల అక్షరాల వరస అ ఇ ఉ ఎ ఒ, తర్వాత క స త న హ మ య ర వ. బౌద్ధ భిక్షువులు సంస్కృత అక్షరాలు నేర్చుకుంటూ ఆ వరస తెచ్చుకున్నారు. కాబట్టి ఇంట్లో తెలుగు మాట్లాడండి. కథలు చెప్పండి, పోట్లాటలు తీర్చండి, లెక్కలు కూడా తెలుగులోనే చెప్పండి.

ఒకటి రెండేళ్లలో ఇండియా వెళ్లిపోయేవాళ్లకి ఇంత కాంజి అక్కర్లేదు, ఈ ఫీజు బరువే. మీరు వేరే బడి చూసుకుంటే నేను నొచ్చుకోను, కావలసిన కాగితాలు వారంలో ఇస్తాను. ఇక్కడే స్థిరపడాలనుకునేవాళ్లు ప్రభుత్వ బడిని కూడా ఒకసారి వెళ్లి చూడండి. అక్కడ ఫీజు లేదు, పుస్తకాలు ఉచితం, విదేశీ పిల్లల్నీ చేర్చుకుంటారు. మన బడి జపాన్ విద్యాచట్టం మొదటి నిబంధన కింద గుర్తింపు పొందిన బడి కాదు. పిల్లలకి జపాన్ పౌరసత్వం ఉన్నవాళ్లు, ఇక్కడి హైస్కూలు ఆలోచన ఉన్నవాళ్లు ముందుగా వార్డు ఆఫీసు విద్యాశాఖలో అడిగి తెలుసుకోండి. ఈ మాట చేరేరోజే గట్టిగా చెప్పాల్సింది.

ఇప్పుడు నాలుగు, ఐదు తరగతుల్లో ఉన్న పిల్లలు మా పొరపాటు వల్లే వెనకబడ్డారు. వాళ్లకి వచ్చే మార్చి దాకా ప్రతి శనివారం పొద్దున రెండు గంటలు నేనే కూర్చుని చెబుతాను, దానికి ఫీజు లేదు.

ఈ నెల మూడో శనివారం పదకొండు గంటలకి రెండో అంతస్తులో కలుద్దాం. మీ పిల్లల అక్టోబరు జవాబు కాగితాలు మీ చేతికే ఇస్తాను. అమ్మమ్మలు, తాతయ్యలు వీడియోలో చేరొచ్చు. అప్పుడు మన ఊళ్లలో పొద్దున ఏడున్నర అవుతుంది.