ఒకే జెల్, రెండు అంకెలు

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం ఆరోగ్య పేజీలో ఎమ్మారై ఎలాస్టోగ్రఫీ మీద వేసిన వ్యాసం బాగుంది. సూది గుచ్చకుండానే కాలేయం ఎంత గట్టిపడిందో తెలుస్తుందని అందరికీ అర్థమయ్యేలా రాశారు. పక్కన వేసిన పట్టికతోనే వచ్చింది చిక్కు. ఎమ్మారై అంకెల్నీ అల్ట్రాసౌండ్ అంకెల్నీ ఒకే గడిలో కలిపేసి, పైన 'కిలోపాస్కల్స్' (గట్టిదనాన్ని చెప్పే కొలమానం) అని రాసి వదిలేశారు.

నా పని రోగులతో కాదు, జెల్స్‌తో. స్కానర్ సరిగ్గా కొలుస్తోందో లేదో చూడటానికి అగరోజ్ పొడిని నీళ్లలో మరిగించి, డబ్బాలో పోసి గడ్డకట్టిస్తాను. పోసేటప్పుడు తొందరపడితే లోపల బుడగ మిగిలిపోతుంది, స్కాన్‌లో అక్కడ నల్లగా రంధ్రం కనిపిస్తుంది. ఒకసారి మూత పెట్టడం మరిచి రెండు రోజులు వదిలేశాను. పైపొర ఎండి గట్టిపడింది. నేనేమో పొద్దంతా మెషీన్ చెడిపోయిందని టెన్షన్ పడ్డాను!

డబ్బా మీద ఒక పలక పెట్టి సెకనుకు 60 సార్లు కంపింపజేస్తాం. చెరువులో రాయి పడ్డట్టు జెల్‌లో అలలు సాగుతాయి. కంటికేమీ కనిపించదు. 1995లో ముత్తుపిళ్లై, ఎమన్ బృందం ఈ పద్ధతిని సైన్స్ పత్రికలో ప్రకటించినప్పుడే 200 నానోమీటర్ల కంటే చిన్న కదలికల్ని కూడా పట్టుకోవచ్చని చూపింది. వాళ్లు కూడా కొలతను జెల్స్ మీదే సరిచూసుకున్నారు.

స్కానర్ గట్టిదనాన్ని ఫొటో తీయదు. అలని చూపిస్తుంది, మిగతాది లెక్క. నా జెల్‌లో అల పొడవు 2 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి. 60తో గుణిస్తే వేగం సెకనుకు 1.2 మీటర్లు. దాన్ని వర్గం చేసి, సాంద్రత 1000తో గుణిస్తే 1440 పాస్కల్స్, అంటే 1.44 కిలోపాస్కల్స్. అల పొడవు రెట్టింపైతే గట్టిదనం నాలుగింతలు.

ఇది షియర్ మాడ్యులస్, అంటే పక్కకి నెడితే పదార్థం ఎంత ఎదురు నిలుస్తుందో చెప్పే అంకె. కాలేయానికి ఎక్కువగా వాడే అల్ట్రాసౌండ్ పరీక్ష ఇచ్చేది యంగ్ మాడ్యులస్, అంటే లాగితేనో నొక్కితేనో ఎంత ఎదురు నిలుస్తుందో చెప్పేది. ఇలాంటి మెత్తని, నీటితో నిండిన పదార్థాల్లో అది దాదాపు మూడు రెట్లు ఉంటుంది. అదే జెల్ అక్కడ 4.3 అవుతుంది. జెల్ మారలేదు, పేరు మారింది. ఎమ్మారైలో 2.5 వచ్చిన మనిషి, అల్ట్రాసౌండ్‌లో 7.5 చూసి జబ్బు మూడింతలైందని ఆ రాత్రి నిద్రపోతాడా?

ఇంకో మాట. సెకనుకు కంపనాల సంఖ్య (హెర్ట్జ్) పెంచితే కాలేయం మరింత గట్టిగా ఉన్నట్టు కొలత వస్తుంది. కాలేయానికి మామూలుగా 60 హెర్ట్జ్ వాడతారు. అందుకే హెర్ట్జ్ చెప్పని కిలోపాస్కల్‌ని మా ల్యాబ్‌లో ఎవరూ రాసుకోరు.

ఆ పట్టికకు సవరణ వేయగలరా? రెండు వరుసలుగా విడదీసి, ఏది ఏ మాడ్యులసో, ఎన్ని హెర్ట్జ్‌ దగ్గర కొలిచిందో పక్కన రాస్తే చాలు.

ఇట్లు,
జెల్స్ పోసే ఒక ల్యాబ్ టెక్నీషియన్