కొటేషన్‌లో రాసిందొకటి, పెట్టెలో పంపిందొకటి

తెనాలి,
గుంటూరు జిల్లా.

కస్టమర్ గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: 2025 జూన్‌లో మీ వెబ్‌సైట్ ద్వారా ఆర్డరిచ్చిన గేమింగ్ కంప్యూటర్‌లో మాకు చెప్పకుండా పార్టులు మార్చడం గురించి ఫిర్యాదు.

అయ్యా,

మీ హైదరాబాద్ షోరూం నుంచి వచ్చిన కంప్యూటర్ ఆన్ అవుతోంది. గేములు కూడా నడుస్తున్నాయి. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, మీ కస్టమర్ కేర్‌కి ఎప్పుడు ఫోన్ చేసినా "ఆన్ అవుతోందా సార్? మరి ప్రాబ్లమ్ ఏంటి?" అనే అడుగుతున్నారు. ప్రాబ్లమ్ ఆన్ అవడంలో లేదు. మేం డబ్బు కట్టింది ఒక మెషీన్‌కి, మీరు పంపింది ఇంకో మెషీన్.

మీరు మెయిల్‌లో పంపిన కొటేషన్‌లో ఉన్నవి ఇవి: రైజెన్ 5 5600 ప్రాసెసర్, బీ550 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్ స్టిక్కులు రెండు, ఆర్‌టీఎక్స్ 3050 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు, ఫైళ్లు దాచుకునే 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (పార్టులన్నిటికీ కరెంటు అందించే పెట్టె, కరెంటు వృథా తక్కువని చెప్పే బ్రాంజ్ ముద్ర ఉన్నది), ఒక కేబినెట్. వచ్చినవాటిలో ప్రాసెసర్, ఎస్‌ఎస్‌డీ మాత్రమే మాట ప్రకారం ఉన్నాయి. బోర్డు ఏ520 అయిపోయింది. ర్యామ్ 16 జీబీ స్టిక్కు ఒక్కటే వచ్చింది. గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 3050 అయితే ఔను, కానీ 6 జీబీది. ఎస్‌ఎంపీఎస్ మీద 450 వాట్లని రాసుంది, బ్రాంజ్ ముద్ర ఎక్కడా లేదు. కేబినెట్ రంగు కూడా మారింది గానీ దానితో నాకు పేచీ లేదు.

ఈ పార్టులు ఎవరో యూట్యూబ్‌లో చెబితే గుడ్డిగా రాసుకున్నవి కావు. మా అమ్మాయి ఈఏపీసెట్ రాసి వచ్చిన మర్నాటి నుంచి ఇదే పని మీద కూర్చుంది. మానిటర్ కాకుండా 55 వేలు దాటితే ఒప్పుకోనని నేను ముందే చెప్పాను. ఆ లెక్కలో ఒక చోట వెయ్యి పెంచితే ఇంకో చోట వెయ్యి కోయాలి. అందుకే ప్రతి పార్టుకీ తన దగ్గర ఒక కారణం ఉంది. రైజెన్ 5 5500 తీసుకుంటే కొంత మిగిలేది. కానీ దాని ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ) 16 ఎంబీయే, 5600లో 32 ఎంబీ ఉంది. పైగా పీసీఐఈ, అంటే ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్ కార్డుకీ మధ్య డేటా నడిచే దారి, 5500లో 3.0తోనే ఆగిపోతుంది, 5600కి 4.0 ఉంది. ఆ 4.0 గ్రాఫిక్స్ కార్డు దాకా చేరాలంటే బోర్డు కూడా దానికి తగ్గది ఉండాలి కాబట్టి బీ550. ఇదే డబ్బుకి ఏఎండీ వాళ్ల ఆర్‌ఎక్స్ 6600 వస్తుందని, గేముల్లో అది 3050 కన్నా వేగమని తనకీ తెలుసు. అయినా గేములతో పాటు బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లో త్రీడీ బొమ్మలు చేసుకుంటుంది కాబట్టి, ఆ బొమ్మల్ని తుదిరూపానికి తెచ్చే రెండరింగ్‌కి ఎన్విడియా కార్డే నయమని కావాలనే 3050 8 జీబీ ఎంచుకుంది. మీ సేల్స్ అబ్బాయితో చాట్‌లో ఇవన్నీ చర్చించాకే కొటేషన్ తయారైంది. ఆ చాట్ మా దగ్గర భద్రంగా ఉంది.

ఎస్‌ఎంపీఎస్ విషయంలో మాత్రం నేనే కలగజేసుకున్నాను. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ పాఠాలు చెబుతాను, కరెంటు దగ్గర పిసినారితనం నాకు నచ్చదు. బడ్జెట్ బిల్డ్ అనగానే అందరూ మొదట కోసేది దాన్నే. పాడైతే మిగతావాటిని కూడా వెంట తీసుకుపోయేదీ అదే.

ఇప్పుడు మీరు పంపిన ఎస్‌ఎంపీఎస్ సంగతి. సైడు ప్యానెల్ తీసి లేబుల్ చూశాను. పైన ఎర్రటి పెద్ద అక్షరాల్లో 450 వాట్లు. దాని కింద కంటికి ఆనని అక్షరాల్లో ఒక పట్టిక. అందులో ప్లస్ 12 వోల్టుల గడిలో 18 ఆంపియర్లు అని ఉంది. 12ని 18తో గుణిస్తే 216 వాట్లు. కంప్యూటర్‌లో అసలు కరెంటు తాగేవి ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, ఆ రెండూ ఈ 12 వోల్టుల లైను మీదే బతుకుతాయి. మిగతా 5 వోల్టులు, 3.3 వోల్టుల లైన్లలో ఎన్ని వాట్లు చూపించినా వాటికి ఒరిగేదేమీ లేదు. రైజెన్ 5 5600ని 65 వాట్ల ప్రాసెసర్ అంటారు గానీ లోడ్ మీద 76 వాట్ల దాకా లాగే వీలు దానికి ఉంది. 3050 8 జీబీ కార్డుకి 130 వాట్లు. రెండూ కలిపితే 206. ఫ్యాన్లకీ, బోర్డుకీ కలిపి మిగిలేది 10 వాట్లే, కాస్తయినా వెసులుబాటు లేదు. అంటే మీరు కొటేషన్‌లో రాసిన కార్డు పెట్టి ఉంటే ఈ ఎస్‌ఎంపీఎస్ దాన్ని నమ్మకంగా మోయలేదు. ఒకటి మార్చారు కాబట్టే రెండోది కూడా మార్చాల్సి వచ్చిందని నా అనుమానం.

ఆ అనుమానం ఊరికే రాలేదు. ఎస్‌ఎంపీఎస్ ఎందుకు మార్చారని అడిగితే మీ టెక్నీషియన్ అన్న మాట ఇది: "సార్, మీ 3050కి పవర్ కేబులే అక్కర్లేదు, 450 బోలెడు." అప్పుడే మా అమ్మాయి కేబినెట్ అద్దంలోంచి చూసి, కార్డుకి నిజంగానే ఏ కేబులూ రాలేదని పట్టుకుంది. 8 జీబీ కార్డయితే మదర్‌బోర్డు స్లాట్ ఇచ్చే 75 వాట్లు చాలవు, విడిగా పవర్ కనెక్టర్ ఉండాల్సిందే. కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ అనే ప్రోగ్రాం పెట్టి చూస్తే సంగతి తేలిపోయింది.

రెండూ 3050లే కదా అని మీవాళ్లు మళ్లీ మళ్లీ అంటున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను. 8 జీబీ కార్డు 2022 జనవరిలో వచ్చింది, 6 జీబీది 2024 ఫిబ్రవరిలో. పేరు ఒకటే, లోపలి సరుకు వేరు. మొదటిదానిలో లెక్కలు చేసే చిన్న యూనిట్లు, అంటే సీయూడీఏ (CUDA) కోర్లు 2560, రెండోదానిలో 2304. మెమరీ బస్సు, అంటే కార్డు మెమరీకి డేటా నడిచే దారి వెడల్పు, 128 బిట్ల నుంచి 96 బిట్లకి తగ్గింది. దాంతో మెమరీ వేగం సెకనుకు 224 జీబీ నుంచి 168 జీబీకి పడిపోయింది. ఒకే పేరుతో రెండు సరుకులు వదలడం ఎన్విడియా ఇష్టం. కానీ ఆ పేరు చాటున ఒకటి చూపించి ఇంకోటి పెట్టడం మీ ఇష్టం కాదు. మీ వెబ్‌సైట్‌లోనే ఈ రెండు కార్డులూ వేర్వేరు పేజీల్లో, వేర్వేరు ధరల్లో అమ్ముతున్నారు. సమానమైనవే అయితే ధరల్లో తేడా ఎందుకుందో చెప్పండి.

ర్యామ్ గురించి మీ సమాధానం ఇంకా విచిత్రం. "16 జీబీ అడిగారు, 16 జీబీ ఇచ్చాం." జోడెడ్ల బండికి ఒంటెద్దును కట్టి, ఎద్దు పెద్దదే కదా అన్నట్టుంది. డీడీఆర్4 3200 స్టిక్కు ఒక్కటి పెడితే సెకనుకు 25.6 జీబీ, రెండు పెడితే డ్యూయల్ ఛానెల్‌లో, అంటే రెండు దారుల్లో ఒకేసారి, 51.2 జీబీ. ఇదేమీ మేం కనిపెట్టిన రహస్యం కాదు, మీ సేల్స్ అబ్బాయే చాట్‌లో "గేమింగ్‌కి రెండు స్టిక్కులే బెటర్ మేడమ్" అని రాశాడు. ఇప్పుడు అదే సంస్థ "ఇంకో స్టిక్కు కొనుక్కోండి, డిస్కౌంట్ ఇస్తాం" అంటోంది. మేం ఒకసారి కట్టిన దానికే మళ్లీ కట్టాలా? ఉన్న స్టిక్కు కూడా 3200 కాకుండా 2666 మీద నడుస్తూ వచ్చింది. ర్యామ్‌ని దాని అసలు వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ సెట్టింగు ఆన్ చేయకుండానే పంపేశారు. అది మా అమ్మాయే బయాస్ (బోర్డు సెట్టింగుల మెనూ) లోకి వెళ్లి సరిచేసుకుంది, దాన్ని ఫిర్యాదులో కలపడం లేదు.

విడివిడిగా చూస్తే ఒక్కోటీ చిన్న తేడాలా కనిపించవచ్చు. కలిపి చూడండి. కార్డులో 6 జీబీ నిండిపోతే మిగిలిన టెక్స్‌చర్లు (గేములో గోడలు, నేల లాంటి వాటి మీది బొమ్మలు) ర్యామ్‌లోకి వెళ్లి కూర్చుంటాయి. వాటిని మళ్లీ తెచ్చుకోవాలంటే పీసీఐఈ దారిలో రావాలి. 3050 కార్డుకి ఆ దారిలో ఉన్నవి 8 లేన్లే. బీ550 మీదయితే అవి 4.0 వేగంతో, ఒకవైపు సెకనుకు దాదాపు 16 జీబీ చొప్పున నడిచేవి. ఏ520 మీద 3.0 కాబట్టి దాదాపు 8 జీబీ. ఆ చివర ర్యామ్ కూడా ఒకే ఛానెల్. ఎక్కువ మెమరీ కావాల్సిన చోట తక్కువ ఇచ్చారు, ఆ తక్కువను సర్దుకునే దారిని కూడా ఇరుకు చేశారు. ఓపెన్ వరల్డ్ గేముల్లో కెమెరా గిర్రున తిప్పితే బొమ్మ ఒక్క క్షణం ఆగి జెర్క్ ఇస్తోంది. ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఎన్ని బొమ్మలు మారుతున్నాయో చెప్పే అంకె) సగటు చూస్తే బాగానే కనబడుతుంది, ఆడేవాళ్లకే తెలుస్తుంది బాధ. బ్లెండర్‌లో సీన్ కాస్త పెద్దదైతే 6 జీబీ ఇట్టే నిండుతోంది.

బోర్డు మార్చడంలో ఇంకో నష్టం కూడా ఉంది. నాలుగేళ్లు ఇంజనీరింగ్ ఇదే మెషీన్ మీద గడవాలని, మధ్యలో కార్డో ప్రాసెసరో మార్చుకునే వీలుండాలని బీ550 అడిగాం. ఇప్పుడు వచ్చిన బోర్డులో ర్యామ్ స్లాట్లు రెండే. రేపు ఎంత మంచి కార్డు తెచ్చి పెట్టినా పీసీఐఈ 3.0 దగ్గరే ఆగాలి.

మీ షరతుల్లో "స్టాక్ లేనిచో సమానమైన పార్టు అమర్చబడును" అన్న వాక్యం ఉందని మీ మేనేజర్ గుర్తుచేశారు. చదివాను. సమానమైనది అని ఉంది, తక్కువది అని లేదు. నాలుగు పార్టులు మారితే నాలుగూ చవకవైపే మారాయి. ఒక్కటైనా పొరపాటున ఖరీదైనవైపు జారి ఉంటే స్టాక్ కథ నమ్మేవాణ్ని. పోనీ స్టాక్ లేదనే అనుకుందాం, ఒక్క వాట్సాప్ మెసేజ్ పెడితే ఆగేవాళ్లం కదా. డబ్బు మొత్తం ముందే కట్టించుకున్నప్పుడు మాత్రం మెసేజ్‌లు వెంటవెంటనే వచ్చాయి.

ఇక వారంటీ స్టిక్కర్. కేబినెట్ వెనక స్క్రూ మీద మీరు అంటించిన స్టిక్కర్ చిరిగింది కాబట్టి ఏదీ మార్చేది లేదన్నారు. కేబినెట్ మీదే మీరు ఇంకో కాగితం అంటించారు. ఆన్ చేసే ముందు సైడు ప్యానెల్ తీసి, గ్రాఫిక్స్ కార్డు కదలకుండా లోపల కుక్కిన ఫోమ్ తీసేయాలని అందులో ఉంది. ఫోమ్ తీయాలంటే ప్యానెల్ తీయాలి, ప్యానెల్ తీయాలంటే స్టిక్కర్ చిరగాలి. తీయకుండా ఆన్ చేస్తే ఫ్యాన్లు బిగుసుకుపోవచ్చు. కొన్నవాళ్లు ఏం చేయాలని మీ ఉద్దేశం? రెండు కాగితాల ఫొటోలూ జతచేశాను, పక్కపక్కన పెట్టి చదవండి.

బిల్లు కూడా అలాగే ఉంది. "గేమింగ్ పీసీ సెట్, 1" అని ఒకే లైను, దాని మీద 18 శాతం జీఎస్టీ. ఏ పార్టు, ఏ మోడల్, సీరియల్ నంబర్ ఎంత, ఏదీ లేదు. ప్రాసెసర్‌కి, కార్డుకి వారంటీ ఇచ్చేది వాటి తయారీ కంపెనీలు. రేపు కార్డు పోతే ఈ బిల్లు పట్టుకుని వాళ్ల సర్వీస్ సెంటర్‌కి వెళ్తే ఏమని అడగాలి?

మీరు ఇస్తామన్న 1,500 రూపాయల కూపన్ నాకు అక్కర్లేదు. కొటేషన్‌లో ఉన్న బోర్డు, ర్యామ్, కార్డు, ఎస్‌ఎంపీఎస్ అమర్చి, సీరియల్ నంబర్లతో విడివిడిగా కొత్త బిల్లు ఇవ్వండి. రానుపోను రవాణా ఖర్చు మీదే. అది కుదరకపోతే మెషీన్ తీసుకెళ్లి కట్టిన మొత్తం వెనక్కి ఇవ్వండి. ఈ రెండిట్లో ఏదైనా నాకు సమ్మతమే. మూడోది లేదు. అలాగే మీ కొటేషన్లలో గ్రాఫిక్స్ కార్డు పక్కన మెమరీ ఎంతో, ర్యామ్ స్టిక్కులు ఎన్నో, ఎస్‌ఎంపీఎస్ మోడల్ ఏదో రాయడమే కాదు, ఆర్డరు ప్యాక్ అయ్యాక అమర్చిన పార్టుల జాబితా కూడా కొన్నవాళ్లకి పంపండి. రేపు మా అమ్మాయి స్నేహితులు కూడా అడుగుతారు ఎక్కడ కొన్నారని.

2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో మీరు తెలియజేయాలి, నెలలోగా పరిష్కరించాలి. ప్రకటించిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అనే హక్కు అమ్మకందారుకు లేదని కూడా ఆ నియమాల్లోనే ఉంది. మీ నుంచి జవాబు రాకపోతే 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయిస్తాను. అక్కడా తేలకపోతే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 చట్టం ప్రకారం కొన్నవాళ్లు ఉంటున్న చోటే కేసు వేయవచ్చు, 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు కూడా లేదు. హైదరాబాద్ దాకా తిరగలేక ఊరుకుంటాడులే అని ఎవరైనా అనుకుంటుంటే, తిరగాల్సింది మీరే.

కొటేషన్, చాట్, బిల్లు, జీపీయూ-జెడ్ స్క్రీన్‌షాట్, ఎస్‌ఎంపీఎస్ లేబుల్ ఫొటో ఈ మెయిల్‌తో పంపుతున్నాను. మెషీన్ తీసుకెళ్లడానికి మనిషిని పంపేటట్లయితే సాయంత్రం 5 తర్వాత పంపండి, పగలు ఇంట్లో పెద్దావిడ ఒక్కరే ఉంటారు. అట్టపెట్టె, ఫోమ్ దాచి ఉంచాం. ఎస్‌ఎస్‌డీలో అమ్మాయి ఫైళ్లున్నాయి కాబట్టి వచ్చే ముందురోజే ఫోన్ చేసి చెబితే కాపీ చేసుకుంటుంది.

ఇట్లు,
మీ దగ్గర కంప్యూటర్ కొన్న తెనాలి వినియోగదారుడు