శాలువాలు సరే, జాబితా దాఖలు చేశారా?

సంపాదకులకు,

ట్రాన్స్‌జెండర్ న్యాయవాదుల సంఘంలోకో, ట్రాన్స్‌జెండర్ల హక్కుల కోసం పనిచేసే సొసైటీలోకో కొత్త కార్యవర్గ సభ్యులు వస్తే పత్రికల్లో శాలువాల ఫొటో పడుతోంది. సంతోషం. 2018లో తమిళనాడులో సత్యశ్రీ షర్మిల, 2023లో కేరళలో పద్మలక్ష్మి తమ రాష్ట్రాల తొలి ట్రాన్స్‌జెండర్ న్యాయవాదులుగా నల్లకోటు వేసుకున్నప్పుడు దేశమంతా చదివింది. కానీ ఫొటో దిగిన మర్నాడు మొదలు కావాల్సిన కాగితాల పనిని ఎవరూ పట్టించుకోరు. అది సగంలో ఆగితే కొత్తవాళ్లు పేరుకే సభ్యులు. చెక్కు మీద సంతకం మాత్రం పాత కోశాధికారిదే.

తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ సొసైటీలు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కిందే నడుస్తాయి. కనీసం ఏడుగురు ఉంటే సొసైటీ పెట్టుకోవచ్చు. కార్యవర్గం మారితే, సర్వసభ్య సమావేశం జరిగిన 15 రోజుల్లోగా కొత్త జాబితాను జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేయాలి. జాబితా ఒక్కటే పట్టుకెళ్తే చాలదు. బైలాలో, అంటే సొసైటీ నియమావళిలో, ఎన్ని రోజులు రాసుకున్నారో అన్ని రోజుల ముందు ఇచ్చిన నోటీసు, కోరం (ఉండాల్సిన కనీస హాజరు) చూపే సంతకాలు, మినిట్స్ పుస్తకంలోని (సమావేశాల నమోదు పుస్తకం) తీర్మానం నకలు కూడా ఉండాలి. ఎక్కువగా దెబ్బతినేది సంఖ్య దగ్గరే. బైలాలో కార్యవర్గం ఏడుగురని రాసి ఉంటే, ఉత్సాహం కొద్దీ పదిమందిని ఎన్నుకుని జాబితా ఇస్తారు. అది వెనక్కి వస్తుంది. ముందు ప్రత్యేక తీర్మానంతో బైలా సవరించి, ఆ తర్వాతే ఎన్నిక పెట్టుకోవాలి. ఈ లోపు పాతవాళ్లకూ కొత్తవాళ్లకూ చెడితే రిజిస్ట్రార్ తీర్పు చెప్పలేరు. ఆ చట్టం 23వ సెక్షన్ ప్రకారం మధ్యవర్తిత్వానికైనా వెళ్లాలి, జిల్లా కోర్టుకైనా వెళ్లాలి. ఆ తగవు తేలేదాకా బ్యాంకు ఖాతా కదలదు.

ఇదంతా ఏ సంఘానికైనా ఉన్న తలనొప్పే. ట్రాన్స్‌జెండర్ సభ్యులకు దీనిమీద ఇంకొకటి వచ్చి పడుతుంది: పేరు. పదో తరగతి మెమోలో ఏ పేరు ఉందో ఎల్‌ఎల్‌బీ పట్టాలో అదే, బార్ కౌన్సిల్ రోల్‌లో (న్యాయవాదుల నమోదు పట్టికలో) అదే. ఆధార్, పాన్ కొత్త పేరుకు మారి ఉంటాయి. బ్యాంకు కేవైసీలో (ఖాతా నడిపేవాళ్ల గుర్తింపు పరిశీలనలో) రెండు పేర్లూ ఎదురెదురుగా నిలబడతాయి. దీనికి చాలామంది చేసే ఉపాయం మినిట్స్‌లోనూ జాబితాలోనూ ‘ఫలానా అలియాస్ ఫలానా’ అని రాసేయడం. అది తప్పంటాం. రిజిస్ట్రార్ దగ్గరి జాబితా రహస్య పత్రం కాదు, రుసుము కట్టి నకలు తీసుకునే కాగితం. వదిలేసుకున్న పేరు అక్కడ శాశ్వతంగా ఉండిపోతుంది. తీర్మానంలో, జాబితాలో ఇప్పటి పేరే రాయండి. రెండు పేర్లూ ఒకరివేనని చూపే ట్రాన్స్‌జెండర్ గుర్తింపు పత్రం (కలెక్టర్ ఇచ్చేది), పేరు మార్పు గెజిట్ ప్రకటన నకళ్లను బ్యాంకు కేవైసీ కవరులో మాత్రమే పెట్టండి. ఇంటి చిరునామా బదులు చాంబర్ చిరునామా ఇస్తామని రిజిస్ట్రార్ కార్యాలయాన్ని ముందే అడిగి చూడండి. అద్దె ఇల్లు పోగొట్టుకున్నవాళ్లకు దీని విలువ తెలుసు.

బ్యాంకు వాళ్లు ‘మా ఫారంలో ఆ గడి లేదు’ అంటే 2015 ఏప్రిల్ 23 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్ చూపించండి. ఫారాల్లో థర్డ్ జెండర్ గడి పెట్టాలని అప్పుడే చెప్పింది. పాన్ దరఖాస్తులో 2018 నుంచే ఉంది. ప్రభుత్వ పత్రాల్లో పేరు, లింగం మార్చమని గుర్తింపు పత్రంతో అడిగితే 15 రోజుల్లో మార్చాలని 2020 నాటి ట్రాన్స్‌జెండర్ నియమాలు గడువు పెట్టాయి. కాబట్టి దరఖాస్తు ఇచ్చిన రోజే తేదీ వేసిన రసీదు తీసుకోవాలి. రసీదు లేకపోతే ఆ గడువు ఎప్పుడు మొదలైందో రుజువు చేయలేరు.

విదేశీ విరాళాలు తీసుకునే సొసైటీ అయితే కార్యవర్గంలోని ముఖ్యులు మారినట్టు కేంద్ర హోంశాఖకు 45 రోజుల్లో ఆన్‌లైన్‌లో తెలపాలి. రిజిస్ట్రార్ దగ్గర పని అయిపోయిందని దీన్ని మరిచిపోయేవాళ్లు ఎక్కువ.

కొత్త సభ్యులను వెతికేవాళ్లకు ఒక మాట. న్యాయవాదిగా నమోదుకు అడ్వొకేట్ల చట్టం ప్రకారం రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు 600, అఖిల భారత కౌన్సిల్‌కు 150, మొత్తం 750 రూపాయలు మించి తీసుకోకూడదని సుప్రీంకోర్టు 2024 జులై 30న తేల్చింది. అంతకుముందు వేలల్లో కట్టలేక పట్టా పెట్టెలో పెట్టుకున్నవాళ్లు ఉంటే ఇప్పుడు కదిలించవచ్చు.

పత్రికలకూ ఒక సవరణ. 2017లో పశ్చిమ బెంగాల్ ఇస్లాంపూర్‌లో జోయితా మండల్ లోక్ అదాలత్ (రాజీతో కేసులు తేల్చే వేదిక) బెంచిలో కూర్చున్నప్పుడు ‘తొలి ట్రాన్స్‌జెండర్ జడ్జి’ అని శీర్షికలు వచ్చాయి. ఆమె కూర్చున్నది సామాజిక కార్యకర్త హోదాలో, బెంచి సభ్యురాలిగా. అదీ చిన్న విషయం కాదు, ఎందుకంటే లోక్ అదాలత్ అవార్డు (తీర్పు) మీద అప్పీలు లేదు. కానీ జడ్జి నియామకం వేరు. ఆ తేడా రాయకపోతే న్యాయవ్యవస్థలో చోటు దొరికేసిందన్న భ్రమ కలుగుతుంది.

చివరిగా రిజిస్ట్రేషన్ల శాఖకు మా వినతి. ఓటరు నమోదు ఫారం 6లో బంధువు పేరు దగ్గర థర్డ్ జెండర్ వారైతే గురువు (తమ సముదాయంలో చేరదీసిన పెద్ద) పేరు రాసుకునే వీలు ఎన్నికల సంఘం ఇచ్చింది. కార్యవర్గ జాబితాల్లో మాత్రం మామూలుగా తండ్రి పేరో భర్త పేరో అడుగుతున్నారు. ఇంటి నుంచి వెళ్లగొట్టిన తండ్రి పేరు రాయనందుకు జాబితా వెనక్కి పంపకుండా, గురువు పేరునూ ఒప్పుకోవాలని జిల్లా రిజిస్ట్రార్లకు ఒక మెమో ఇస్తే చాలు.

– సొసైటీల రిజిస్ట్రేషన్ పని చూసే కొందరు న్యాయవాదులు, హైదరాబాద్