నోరు కట్టుకోలేకే సూదులా?

సంపాదకుడు గారికి నమస్కారం.

బరువు తగ్గే ఇంజెక్షన్లు వేయించుకునేవాళ్లంతా ఒళ్లు వంచడం ఇష్టం లేని డబ్బున్నవాళ్లేనని గత వారం మీ లేఖల పేజీలో ఒక పాఠకుడు తీర్మానించేశారు. మా ఇంట్లో ఆ ఇంజెక్షన్ వేయించుకున్న మనిషి ఉంది. ఆమెకు డబ్బూ లేదు, ఒళ్లు వంచక తప్పే రోజూ లేదు. అందుకే ఈ ఉత్తరం.

ఆవిడ మా తోటికోడలు. 46 ఏళ్లు, 92 కిలోలు, ఐదేళ్లుగా షుగరు. తెల్లారకముందే లేచి రెండు క్యారేజీలు కట్టి, తొమ్మిదింటికి కుట్టుమిషను ముందు కూర్చుంటే మళ్లీ లేచేది చీకటి పడ్డాకే. అందరికీ వడ్డించాక రాత్రి పదింటికి తాను తినేది గిన్నెల్లో మిగిలింది. అన్నం గుట్టంత, కూర నంజుకోవడానికి. వాకింగు చెయ్యొచ్చుగా అని చెప్పనివాళ్లు లేరు. ఎక్కడ చెయ్యాలి? కాలవగట్టు మీద దీపాల్లేవు, కుక్కలున్నాయి. మా వీధి చివరి స్కూలు గ్రౌండు గేటుకు ఆరింటికే తాళం పడుతుంది.

డైటు చెయ్యలేదనుకునేరు. కొన్నేళ్ల కిందట మన ఊళ్లన్నీ కొబ్బరినూనె, నిమ్మకాయల మీద బతికిన రోజులు గుర్తున్నాయిగా. అప్పుడు ఈమె 11 కిలోలు తగ్గింది. అన్నం ముట్టిన ఏడాదికి 12 పెరిగింది. తర్వాత క్లబ్బుల్లో కలిపిచ్చే పొడి షేకులు. తగ్గినప్పుడల్లా డైటు గొప్పదన్నారు, పెరిగినప్పుడల్లా నోరు కట్టుకోలేదన్నారు.

ఇంజెక్షన్ మొదలెట్టాక మూడో వారంలో నాతో అన్న మాట ఇది: "గిన్నెలో పులిహోర మిగిలినా నా ధ్యాస అటు పోలేదక్కా. మీ అందరికీ రోజూ ఇలాగే ఉంటుందా?" నాకు నోట మాట రాలేదు. తిన్నాక పేగుల్లో పుట్టి, ఇక చాలని మెదడుకు కబురు చేసే హార్మోన్ ఒకటుంది, జీఎల్‌పీ-1. ఈ మందులు దాని పని చేస్తాయి, తిన్నది కడుపులోంచి నెమ్మదిగా కదిలేట్టూ చూస్తాయి. ఆ కబురు సరిగ్గా అందే అదృష్టవంతులం ఇన్నాళ్లూ ఆమెకు నిగ్రహం గురించి పాఠాలు చెప్పాం.

ఇంతవరకూ మందు పక్షం. ఇక నాకు కోపం తెప్పించిన సంగతి. మొదటి చీటీ డాక్టరుగారే రాశారు. ఆ తర్వాత నాలుగు నెలలు ఆమెను ఎవరూ చూడలేదు. వాట్సాప్‌లో మెసేజ్ పెడితే మెడికల్ షాపు కుర్రాడు సీసాలు ఇంటికే పంపేవాడు, చీటీ అడిగిన పాపాన పోలేదు. డోసు పెంచింది కూడా ఆ కుర్రాడూ మా తోటికోడలూ కలిసే. ఫ్రిజ్‌లో పెరుగు గిన్నెకీ గోంగూర పచ్చడికీ మధ్య ఆ చిన్న సీసాలు చూస్తే నాకు గుండె గుభేలుమనేది. వాంతులు, మలబద్ధకం. ఆకలి లేక రెండు ముద్దల పెరుగన్నంతో సరిపెట్టేది. బరువుతో పాటు కండ కూడా కరుగుతుందని, గుడ్డో పప్పో తప్పకుండా తినాలని, చేతులకు బరువులెత్తే వ్యాయామం ఉండాలని చెప్పిన నాథుడు లేడు. తొమ్మిది కిలోలు తగ్గింది, నీళ్ల బిందె ఎత్తలేకపోయింది. నెలకు 14 వేల పైచిలుకు ఖర్చు భరించలేక మానేసింది. ఆర్నెల్లలో ఆరు కిలోలు వెనక్కొచ్చాయి.

దీన్ని చూపించి "చెప్పానా, మందులు దండగ" అనేవాళ్లు ఈ ఇంజెక్షన్లలో ఒకటైన సెమాగ్లుటైడ్ మీద 2021లో వెలువడ్డ పరీక్ష వివరాలు చూడాలి. షుగరు లేని 1,961 మంది, 68 వారాలు. మందు తీసుకున్నవాళ్లు సగటున 14.9 శాతం బరువు తగ్గారు, ఉత్తుత్తి సూది పడ్డవాళ్లు 2.4 శాతం. అసలు విషయమేమిటంటే, తిండి తగ్గించమని, వారానికి 150 నిమిషాలు కదలమని రెండు జట్లకూ నెలనెలా కూర్చోబెట్టి చెప్పారు. మందు మానేశాక ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది, మా తోటికోడలికి వచ్చినట్టే. బీపీ మాత్ర ఆపితే బీపీ పెరుగుతుంది. దానికి మనం రోగిని తిట్టం.

నడకను చులకన చేయడం నా ఉద్దేశం కాదు. షుగరు అంచున ఉన్నవాళ్ల మీద అమెరికాలో చేసిన పెద్ద అధ్యయనం 2002లో వచ్చింది. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో షుగరు రావడం 58 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్రతో తగ్గింది 31 శాతమే. కానీ అక్కడ కూడా నడవమని చెప్పి చేతులు దులుపుకోలేదు, ఒక్కొక్కరికీ 16 పాఠాలు చెప్పి వెంట నడిచారు. మందుతోనైనా నడకతోనైనా ఫలితం వచ్చింది వెంట ఒక మనిషి ఉన్నచోటే. మా తోటికోడలికి ఉన్నది మెడికల్ షాపు కుర్రాడు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, సెమాగ్లుటైడ్ మీద మన దేశంలో పేటెంటు 2026 మార్చి వరకే. మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ సహా చాలా కంపెనీలు ఆ మందును తామూ తయారు చేయడానికి సిద్ధమయ్యాయి. ధర దిగితే సంతోషమే. దాంతోపాటు చీటీ లేని సీసాలతో ఇలాంటి ఫ్రిజ్‌లు ఎన్ని తయారవుతాయో అని భయం. పెళ్లికి రెండు నెలల ముందు ఐదు కిలోలు తగ్గాలని అడిగే ఆడపిల్లల్ని మా వీధిలోనే చూస్తున్నాను. గర్భం కోరుకునేవాళ్లు ఈ మందును కనీసం రెండు నెలల ముందే ఆపాలని ఆ పిల్లలకు ఎవరు చెబుతున్నారు?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అధిక బరువున్న మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 36 మంది, తెలంగాణలో 30, దేశం మొత్తం మీద 24. ఇంతమంది ఒక్కసారిగా సోమరులైపోయారా? రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటొద్దని చెప్పిన జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది మన తార్నాకలోనే. ఆ మాట మా వంటింటి దాకా రాలేదు.

బీపీ, షుగరు చూసే ప్రభుత్వ క్లినిక్కుల్లోనే వారానికో రోజు బరువు కోసం కేటాయించి, పోషకాహారం తెలిసిన ఒకరిని కూర్చోబెట్టాలని, చీటీ లేకుండా ఈ ఇంజెక్షన్లు అమ్మే షాపుల మీద ఔషధ నియంత్రణ అధికారులు కన్నేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. వాటికి సమయం పడుతుందని తెలుసు. స్కూలు గ్రౌండు గేటు రాత్రి తొమ్మిది దాకా తీసి ఉంచడానికి మాత్రం పేటెంటు గడువు తీరనక్కర్లేదు. తాళంచెవి వాచ్‌మన్ దగ్గరే ఉంది, నేను అడిగాను. పైనుంచి ఆర్డరు రావాలన్నాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
గుంటూరు జిల్లా