సీజర్ వీలునామా చివరికి ఏమైందో కూడా రాయండి

సంపాదకులకు,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో మంచి ఉపన్యాసం ఎలా ఉండాలో చెబుతూ ఒక వ్యాసం వేశారు. షేక్‌స్పియర్ 'జూలియస్ సీజర్' నాటకంలో, హత్యకు గురైన రోమ్ పాలకుడు సీజర్ శవం పక్కన నిలబడి అతని మిత్రుడు మార్క్ ఆంటోనీ చేసిన ప్రసంగాన్ని రాజకీయాల్లోకి రావాలనుకునే యువతీయువకులు కంఠతా పట్టాలని, నోటి మాటతోనే ద్రోహులను ఊరు దాటించిన మహావక్త అతనని అందులో ఉంది. అదే సంచిక మొదటి పేజీలో, టికెట్టు దక్కక పార్టీ మారిన నాయకుడిని, సీజర్‌ను పొడిచిన మిత్రుడి పేరు పెట్టి 'బ్రూటస్' అన్నారు. రెండూ ఒకే రోజు చదివాక ఊరుకోలేకపోయాను. ఏళ్ల తరబడి డిగ్రీ విద్యార్థులకు 'జూలియస్ సీజర్' పాఠం చెప్పినదాన్ని. నాటకాన్ని మధ్యలో ఆపేసి, అదే నాటకమంతా అని జనానికి చెప్పడం సహించలేను.

మీ వ్యాసం మూడో అంకం రెండో దృశ్యంతో ముగిసింది. జనం సీజర్‌ను చంపిన కుట్రదారుల ఇళ్లు తగలబెట్టడానికి బయలుదేరారు, ఆ కుట్రకు పెద్దలైన బ్రూటస్, కాసియస్ గుర్రాలెక్కి రోమ్ విడిచి పారిపోయారు. మన పద్యనాటకాల్లో ఒన్స్‌మోర్ కొట్టి ఒకే పద్యాన్ని మళ్లీ మళ్లీ పాడించుకుని, కథ సగంలో ఉండగానే లేచి ఇంటికి వెళ్లిపోయినట్టుంది ఇది. ఆ వెనువెంటనే వచ్చే దృశ్యం చాలా చిన్నది. సిన్నా అనే కవి వీధిలో కనిపిస్తాడు. కుట్రదారుల్లో ఒకడి పేరు కూడా సిన్నాయే. నేను ఆ సిన్నాను కాను, కవిని అని ఇతను మొత్తుకుంటాడు. అయితే చెడ్డ కవిత్వం రాసినందుకే చీల్చండి అంటుంది మూక. మీరు పొగిడిన ప్రసంగానికి మొదటి ఫలితం ఈ అమాయకుడి చావు. 1937లో అమెరికన్ దర్శకుడు ఆర్సన్ వెల్స్ న్యూయార్క్‌లో ఈ నాటకాన్ని ఫాసిస్టుల కాలానికి మార్చి ఆడించినప్పుడు చూసినవారిని ఎక్కువగా కలవరపెట్టింది ఈ చిన్న దృశ్యమే. నేను పాఠం చెప్పిన సంకలనాల్లో మాత్రం ఇది ఒక్కదాంట్లోనూ లేదు. ప్రసంగం ఉంటుంది, కింద అయిదు ప్రశ్నలు ఉంటాయి, అంతే.

ఆ ప్రసంగంలో చివరికి జనాన్ని లేపింది సీజర్ వీలునామా. ప్రతి రోమన్ పౌరుడికీ 75 ద్రాక్మాల నాణేలు, టైబర్ నది ఒడ్డున ఉన్న తోటలన్నీ ప్రజలకే అని ఆంటోనీ చెబుతాడు. ముందు కాగితం చూపిస్తాడు, చదవనంటాడు, చదివితే మీరు తట్టుకోలేరంటాడు, వాళ్లు ప్రాధేయపడే దాకా ఊరిస్తాడు. ఇప్పుడు నాలుగో అంకం తెరవండి. సీజర్ తర్వాత అధికారం పంచుకున్న ఆంటోనీ, ఆక్టేవియస్, లెపిడస్ ముగ్గురూ కూర్చుని ఎవరెవరిని చంపాలో పేర్లకు చుక్కలు పెడుతుంటారు. లెపిడస్ తన అన్నదమ్ముడి చావుకు ఒప్పుకుంటాడు, ఆంటోనీ తన సొంత మేనల్లుణ్ణి వదులుకుంటాడు. ఆ తర్వాత ఆంటోనీ నోటి నుంచే వస్తుంది ఈ మాట: లెపిడస్, నువ్వు సీజర్ ఇంటికి వెళ్లి ఆ వీలునామా పట్టుకురా, అందులోని పంపకాల ఖర్చు కొంత ఎలా తగ్గించాలో చూద్దాం. లెపిడస్ గడప దాటాడో లేదో, ఆంటోనీ అతను పనులకు పంపడానికి తప్ప ఎందుకూ కొరగాడని ఆక్టేవియస్‌తో అంటాడు. ఏ కాగితం చూపించి ఊరిని తగలబెట్టించాడో ఆ కాగితానికే కోత పెట్టినవాణ్ణి మన పిల్లలు ఆదర్శంగా తీసుకోవాలా?

సీజర్ అంగీ సంగతి మీ వ్యాసకర్త అసలు గమనించనే లేదు. ఆంటోనీ దాన్ని ఎత్తి పట్టుకుని, ఇదిగో కాసియస్ కత్తి దిగిన చోటు, ఇది కాస్కా చేసిన చీలిక, ఇక్కడ బ్రూటస్ పొడిచాడు అని వేలు పెట్టి చూపిస్తాడు. హత్య జరిగినప్పుడు ఆంటోనీ అక్కడ లేడు. కుట్రదారుల్లో ఒకడైన ట్రెబోనియస్ అతణ్ణి ముందే పక్కకు తీసుకుపోయాడు. ఏ చీలిక ఎవరిదో అతనికి తెలిసే దారే లేదు. గాల్ (ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతం) యుద్ధాల్లో నెర్వీ తెగను గెలిచిన రోజు సాయంత్రం సీజర్ ఈ అంగీ మొదటిసారి తొడిగాడు, నాకు గుర్తుంది అంటాడు. ఆ యుద్ధం క్రీ.పూ. 57లో జరిగింది. ఆంటోనీ గాల్ దేశంలో సీజర్ దగ్గర చేరింది ఆ తర్వాతే. జనం ఏడుస్తుంటే ఇవన్నీ ఎవరు అడుగుతారు? అడగడం నేర్పాల్సింది బడి, పత్రిక. ఆ పని మానేసి కంఠతా పట్టమంటారా?

బ్రూటస్ తప్పు లేదని నేను అనడం లేదు. సీజర్ మీద తనకు వ్యక్తిగతంగా ఏ పగా లేదని, అతని ఆవేశం వివేకాన్ని మించిన సందర్భం తాను చూడలేదని తనే ఒప్పుకుని, రేపు కిరీటం పెట్టుకుంటే మారిపోతాడేమోనన్న అనుమానంతో చంపాడు. కాసియస్ రకరకాల చేతిరాతల్లో రాసి కిటికీలోంచి వేయించిన ఉత్తరాలను రోమ్ ప్రజల గొంతు అని నమ్మాడు. ఆంటోనీని చంపవద్దన్నాడు, కాసియస్ వారిస్తున్నా శవం దగ్గర మాట్లాడనిచ్చాడు. చివర్లో లంచాలు తింటావా అని కాసియస్‌ను నిలదీస్తూనే, సైన్యానికి జీతాలివ్వడానికి నాకు డబ్బెందుకు పంపలేదని అడుగుతాడు. రైతుల దగ్గర పిండడం తన గౌరవానికి తక్కువట, మరి ఆ డబ్బు కాసియస్‌కు ఎక్కడి నుంచి వస్తుందో ఆలోచించడు. ఇన్ని లోపాలున్నా అతను పదవి కోసం కత్తి ఎత్తలేదు. మిగతావాళ్లు అసూయతో చేశారు, ఇతనొక్కడే అందరి మేలు కోరి చేశాడని చివరి యుద్ధం జరిగిన ఫిలిప్పీలో అతని శవం ముందు ఒప్పుకున్నది మీ ఆంటోనీయే. రాత్రికి రాత్రి కండువా మార్చేవాళ్లకు బ్రూటస్ పేరు పెట్టడం వాళ్లకు లేని గౌరవం ఇవ్వడమే. పేరు కావాలంటే ఈ నాటకంలోనే డెసియస్ అనే కుట్రదారుడు ఉన్నాడు. సీజర్ విగ్రహం నుంచి నెత్తురు కారినట్టు అతని భార్య కాల్పూర్నియాకు వచ్చిన పీడకలకు శుభశకునమని అర్థం చెప్పి, కిరీటం ఆశ చూపించి, సీజర్‌ను ఇంట్లోంచి కదిలించి సెనేట్‌కు తీసుకుపోయినవాడు అతనే.

ఏటా మా జిల్లాలో జరిగే వక్తృత్వ పోటీల్లో కూడా ఇదే ప్రసంగం. రెండు గంటలు ఆలస్యంగా వచ్చిన అధికారులు పూలదండలు వేయించుకుని, చేతులు బాగా తిప్పిన పిల్లలకు షీల్డులిచ్చి వెళ్తారు. నువ్వు ఇప్పుడు చెప్పిన మాటల్లో నిజమెంత అని ఏ న్యాయనిర్ణేతా అడిగింది చూడలేదు. పిల్లలు నాటకం మొత్తం చదువుదామన్నా మా ఊరి గ్రంథాలయంలో షేక్‌స్పియర్ సంపుటాలు తాళం వేసిన బీరువాలో ఉన్నాయి. తాళంచెవి ఎవరి దగ్గరుందో అక్కడి సిబ్బందికే తెలియదు. ఆస్తి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు మాత్రం ఠంచనుగా వసూలవుతుంది. వావిలాల వాసుదేవశాస్త్రి పందొమ్మిదో శతాబ్దంలోనే ఈ నాటకాన్ని తెలుగు చేశారు. ఆ పుస్తకం పేరు ఎత్తితే ఇప్పుడు అక్కడ నా ముఖం వింతగా చూస్తారు.

మీరు ఒక పని చేయవచ్చు. వచ్చే ఆదివారం అదే పేజీలో, అంతే చోటిచ్చి, సిన్నా కవి దృశ్యాన్నీ, నాలుగో అంకం మొదటి దృశ్యాన్నీ తెలుగులో ప్రచురించండి. రెండూ కలిపినా ఆ వ్యాసం కంటే తక్కువే పడతాయి. అనువాదం కావాలంటే నేను చేసి పంపుతాను, పారితోషికం అక్కర్లేదు.

ఒక విశ్రాంత ఆంగ్ల అధ్యాపకురాలు,
తెనాలి